రికార్డులో లేని మాట

ఇల్లు మారుతుంటే పాత హార్డ్ డిస్క్ ఒకటి బయటపడింది. పారేసే ముందు ఒకసారి చూద్దామని ల్యాప్‌టాప్‌కి తగిలించాను. డౌన్‌లోడ్ చేసి ఎప్పుడూ చూడని సినిమాలు, మూడు వెర్షన్ల రెజ్యూమే, ఎవరివో పెళ్లి ఫొటోలు. వాటి మధ్య ‘ఐఆర్‌సీ లాగ్స్’ అని ఒక ఫోల్డరు. అందులో నా మొదటి ఉద్యోగంలో నా పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడి పేరుతో ఒక ఫైలు.

పన్నెండేళ్ల కిందట మేమిద్దరం ఇర్సీలో మాట్లాడుకునేవాళ్లం. ఇర్సీ అంటే టెర్మినల్లో నడిచే చాట్ ప్రోగ్రాం. బొమ్మల్లేవు, ఎమోజీల్లేవు. నల్లటి తెర, అట్టడుగున ఒక పట్టీ, దాని కింద మనం టైప్ చేసే లైను. చాట్ నడిచేది ఆఫీసు సర్వరు మీద కాబట్టి అడ్మిన్ తలుచుకుంటే మేం రాసుకున్నవన్నీ చదవగలడు. అందుకని వాడు నాకు ఓటీఆర్ నేర్పించాడు. ‘ఆఫ్ ది రికార్డ్’ అనే మాటకి పొట్టి పేరు అది. ఒక కమాండు కొడితే చాలు, అక్కణ్ణుంచి మా మాటలు దారిలో ఎవరు చూసినా అర్థం కాని అక్షరాల ముద్దగా వెళ్లేవి.

ఒక రాత్రి వాడు తన ఇంటి సంగతి ఒకటి చెప్పాడు. మొదలుపెట్టే ముందు అడిగాడు: “లాగింగ్ ఆఫ్‌లోనే ఉంది కదా మామా?” “ఆఫే,” అన్నాను. చూసి చెప్పలేదు.

ఆఫ్‌లో లేదు. ఎప్పుడో ఆటోలాగ్ ఆన్ చేసి మరిచిపోయాను. వాడు ఆ రాత్రి చెప్పిందంతా గంటా నిమిషాలతో సహా ఇప్పుడు నా ముందుంది. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. ఎన్‌క్రిప్షన్ దారి పొడవునా తన పని సరిగ్గానే చేసింది. నా దగ్గరికి చేరాక నేనే దాన్ని విప్పి, శుభ్రంగా రాసి పెట్టుకున్నాను.

ఆ ఫైలు మూసేశాక, అసలు ఈ ఓటీఆర్‌ని ఎవరు, ఏం ఆశించి తయారు చేశారా అని వెతుక్కుంటూ పోయాను. రహస్యాలు దాచే సాధనం అనే అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. చదివితే తెలిసింది, వాళ్ల ఆశ అంతకంటే పెద్దదని.

*

ఐఆర్‌సీని 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ రాశాడు. పేరులో ‘ఆర్’ అంటే రిలే. నేను కొట్టిన లైను నా సర్వరుకి, అక్కణ్ణుంచి ఇంకో సర్వరుకి, చివరికి అవతలి మనిషికి. ఆ దారంతా అక్షరాలు అక్షరాలుగానే పోయేవి. అదొక లోపమని అప్పట్లో పెద్దగా ఎవరూ అనుకోలేదు. పైగా ఐఆర్‌సీకి పేరొచ్చిందే దానివల్ల. 1991 ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్ మీద కుట్ర జరిగినప్పుడు అక్కడి కబుర్లు ఐఆర్‌సీ మీదుగా బయటి ప్రపంచానికి చేరాయి. 1999లో ఇర్సీని రాసిన టిమో సిరాయినెన్ కూడా ఫిన్లాండ్ వాడే.

తెలుగులో ‘చాటు’ అంటే మరుగు, ‘చాటడం’ అంటే నలుగురికీ తెలిసేలా చెప్పడం. ఐఆర్‌సీకి వచ్చింది రెండోదే. మొదటిది నేర్పించడానికి పదహారేళ్లు పట్టింది.

ఆలోపు ఎన్‌క్రిప్షన్ లేదని కాదు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీని విడుదల చేశాడు. మామూలు మనుషుల కంప్యూటర్లలోకి గట్టి ఎన్‌క్రిప్షన్ రావడం దాంతోనే మొదలైందని చెప్పొచ్చు. అమెరికా చట్టం అప్పట్లో ఇలాంటి ప్రోగ్రాములని ఆయుధాల జాబితాలో పెట్టింది. దేశం దాటించాడేమో అని జిమ్మర్‌మన్ మీద మొదలైన నేర విచారణ 1996 జనవరిలో గానీ ముగియలేదు. ఈలోగా 1995లో పీజీపీ సోర్స్ కోడ్ మొత్తాన్ని ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చువేసింది. ప్రోగ్రాం ఎగుమతి చేస్తే నేరం కావచ్చు గానీ పుస్తకాన్ని ఎవరు ఆపగలరు?

పీజీపీ మనసులో ఉన్నది ఉత్తరం. కవరు అంటించి, లోపల సంతకం పెట్టి పంపే ఉత్తరం. ఉత్తరానికి సంతకం గౌరవం. రాసింది నేనే అని ఈ రోజే కాదు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా, ఎవరికైనా, కోర్టుకైనా రుజువు చేస్తుంది. ఒప్పంద పత్రానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ టీ కొట్టు దగ్గర స్నేహితుడితో అన్న మాట కింద మనం సంతకం పెట్టం కదా. చాట్ ఈ రెండింట్లో ఏది? చూడ్డానికి రాతే, వాడేది మాత్రం మాటలాగా.

*

ఈ తేడాని పట్టుకున్నది 2004లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం. నికితా బోరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, ఎరిక్ బ్రూవర్ రాశారు. ఆ ఏడాది అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన సదస్సులో సమర్పించారు. దాని పేరులోనే ‘పీజీపీ ఎందుకు వాడకూడదు’ అన్న మాట ఉంది. ముగ్గురూ కొత్తవాళ్లేం కాదు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ భద్రతలోని డొల్లతనాన్ని డేవిడ్ వాగ్నర్‌తో కలిసి బయటపెట్టింది గోల్డ్‌బర్గే. వైఫై తొలి రక్షణ పద్ధతి డబ్ల్యూఈపీలోని లోపాలను 2001లో బోరిసోవ్, గోల్డ్‌బర్గ్, వాగ్నర్ కలిసి చూపించారు. ఇక బ్రూవర్ పేరు సిస్టమ్ డిజైన్ ఇంటర్వ్యూలకి చదివినవాళ్లందరికీ తెలుసు, సీఏపీ సిద్ధాంతం ఆయనదే.

వాళ్లు మొదలుపెట్టింది చాలా మామూలు దృశ్యంతో. ఇద్దరు మనుషులు ఒక గదిలో తలుపేసుకుని మాట్లాడుకుంటున్నారు. బయటివాళ్లకి వినపడదు. లోపల అన్న మాట గాల్లో కలిసిపోతుంది. రేపు ఒకడు బయటికొచ్చి “వాడిలా అన్నాడు” అని చెప్పొచ్చు, కానీ రుజువు చూపించలేడు. “నేనలా అనలేదు” అనే అవకాశం రెండోవాడికి ఎప్పుడూ ఉంటుంది. మనుషులు వేల ఏళ్లుగా మాట్లాడుకుంటున్నది ఈ హామీల మీదే. కంప్యూటర్లో టైప్ చేస్తున్నాం కాబట్టి వాటిని ఎందుకు వదులుకోవాలి? వాళ్ల ప్రశ్న అదీ.

జవాబులో రెండు ముక్కలున్నాయి. మొదటిది మరుపు. అందరూ వింటుండగానే ఇద్దరు మాట్లాడుకుని, విన్నవాళ్లెవరికీ అంతుబట్టని ఒక రహస్య సంఖ్యని తయారు చేసుకోవచ్చని 1976లో డిఫీ, హెల్‌మన్ చూపించారు. ఓటీఆర్ ఆ పని సంభాషణ మొదట్లో ఒకసారి చేసి ఊరుకోదు. మాటలు అటూ ఇటూ తిరిగేకొద్దీ కొత్త కీలు పుడుతుంటాయి, పని అయిపోయిన పాత కీలని ప్రోగ్రాం చెరిపేస్తుంటుంది. పీజీపీలో ఏళ్ల తరబడి వాడే కీ ఒకటి దొంగ చేతిలో పడితే పాత ఉత్తరాలన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఇక్కడ దొంగ వచ్చేసరికి ఆ పాత కీలు ఎక్కడా మిగిలి ఉండవు.

రెండోది కాదనగలగడం. ఇది కొంచెం నిదానంగా చూడాలి. ఒక పెట్టె ఉంది, దానికి రెండే తాళం చెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి వాడి దగ్గర. పెట్టె తెరిస్తే అందులో ఒక చీటీ కనబడింది. నేను పెట్టలేదు కాబట్టి అది వాడే పెట్టాడని నాకు ఖాయంగా తెలుసు. కానీ అదే చీటీ పట్టుకెళ్లి ఊళ్లో పెద్దమనిషికి చూపిస్తే? “తాళం చెవి నీ దగ్గరా ఉందిగా, నువ్వే రాసి పెట్టుకున్నావేమో,” అంటాడు. నాకు నమ్మకం ఉంటుంది, నా చేతిలో సాక్ష్యం ఉండదు. ఓటీఆర్‌లో ప్రతి సందేశం మీదా పడే ముద్ర సరిగ్గా ఇలాంటిదే, ఇద్దరి దగ్గరా ఉండే ఒకే కీతో వేసేది. సంతకాన్ని వాడేది మొదట్లో ‘నువ్వు నువ్వేనా’ అని తేల్చుకోవడానికి మాత్రమే, మాటల మీద కాదు.

అంతటితో ఆగినా బాగానే ఉండేది. వాళ్లు ఇంకో అడుగు వేశారు. వాడేసిన ముద్ర కీలని తర్వాతి సందేశాలతో పాటు బాహాటంగా పంపించేస్తారు. అంటే పని అయిపోయాక తాళం చెవిని సంత మధ్యలో పడేసినట్టు. ఇక ఆ పాత చీటీని ఎవరైనా రాసి పెట్టి ఉండొచ్చు. భద్రత కోసం రాసిన ప్రోగ్రాం, ఫోర్జరీ సులువయ్యేలా తనే ఏర్పాటు చేయడం! మొదటిసారి చదివినప్పుడు ఆ పేరా మళ్లీ వెనక్కెళ్లి చదువుకున్నాను.

లోపాలు లేకపోలేదు. మరుసటి ఏడాదే డి రైమొండో, జెన్నారో, క్రాచిక్ అనే ముగ్గురు ఒక తప్పు పట్టుకున్నారు. ఎవరితో మాట్లాడుతున్నామన్న విషయంలోనే ఒక పక్షాన్ని పొరబడేలా చేయొచ్చని చూపించారు. రెండో వెర్షన్‌లో దాన్ని సరిదిద్దారు.

*

టెర్మినల్లో ఇదంతా ఎలా ఉండేదో చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. అవతలివాడి దగ్గర ఓటీఆర్ ఉందో లేదో ముందు తెలియాలి కదా. దానికి వాళ్లు ఎంచుకున్న ఉపాయం ఖాళీలు. మామూలు సందేశం చివర స్పేసులూ ట్యాబులూ ఒక ప్రత్యేకమైన వరసలో తగిలిస్తారు. మనిషి కంటికి అక్కడేమీ ఉండదు. ప్రోగ్రాముకి మాత్రం ‘నాకు ఓటీఆర్ వచ్చు’ అని అర్థమవుతుంది. అవతల ఓటీఆర్ లేనివాళ్లకి పొరపాటున రహస్య సందేశం వెళ్లిందా, ప్రశ్నార్థకంతో మొదలై తెర నిండా చెత్త కనబడేది. “పిల్లి గానీ కీబోర్డు మీద నడిచిందా?” అని అడిగేవాళ్లు.

ఐఆర్‌సీలో ఒక లైను 512 బైట్లు దాటకూడదు. ఎన్‌క్రిప్ట్ చేసిన మాట ఉబ్బిపోతుంది కాబట్టి దాన్ని ముక్కలు చేసి, నంబర్లు వేసి పంపి, అవతల అతికించేవారు. ఇక మాట్లాడుతున్నది అసలు మనిషేనా అని తేల్చుకోవాలంటే నలభై అక్షరాల వేలిముద్రని ఫోనులో చదివి సరిచూసుకోవాలి. ఆ ఓపిక ఎవరికుంటుంది? అందుకే 2007లో క్రిస్ అలెగ్జాండర్, గోల్డ్‌బర్గ్ ఇంకో దారి తెచ్చారు. ఇద్దరికే తెలిసిన సంగతి మీద ఒక ప్రశ్న అడగడం. రెండు వైపులా ఇచ్చిన జవాబులు ఒకటేనా కాదా అన్నది మాత్రమే బయటపడుతుంది, జవాబు బయటపడదు. దాని వెనక ఉన్న లెక్క పేరు ‘సోషలిస్టు లక్షాధికారుల సమస్య’. ఇద్దరు లక్షాధికారుల్లో ఎవరు ఎక్కువ ధనవంతులో ఆస్తి వివరాలు చెప్పుకోకుండా ఎలా తేల్చుకోవాలన్నది 1982లో ఆండ్రూ యావ్ వేసిన ప్రశ్న. ఇక్కడ తేలాల్సింది సమానమా కాదా అన్నదే కాబట్టి సోషలిస్టులన్నమాట.

మావాడు నాకు వేసిన ప్రశ్న: “మొదటి రోజు నా డబ్బాలోంచి ఏం తిన్నావ్?” పులిహోర. రెండుసార్లు ఫెయిలయ్యింది. ఇంగ్లీషు అక్షరాల్లో పులిహోరని వాడు హెచ్‌తో రాస్తాడు, నేను హెచ్ లేకుండా. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ లెక్క ఒప్పుకోదు. చివరికి వాడు కుర్చీ తిప్పి నాతో “హెచ్ పెట్టరా బాబూ,” అన్నాడు. పక్క సీట్లోనే ఉన్న మనిషి నిజంగా వాడేనని కంప్యూటర్ అలా ధ్రువీకరించింది.

మా తరం ఇంకో ‘ఆఫ్ ది రికార్డ్’ని కూడా చూసింది. జీమెయిల్లో ఉండే జీటాక్‌కి ఆ పేరుతోనే ఒక ఆప్షన్ ఉండేది. అది నొక్కితే చాట్ మన మెయిల్ హిస్టరీలో సేవ్ కాదు, అంతే. గూగుల్ సర్వరు మాత్రం మామూలుగానే చదవగలదు. పేరు ఒకటే, ఇచ్చిన మాట వేరు.

*

2010 మే నెల. ఇరాక్‌లో, బాగ్దాద్‌కి తూర్పున ఉన్న అమెరికా సైనిక స్థావరంలో పనిచేస్తున్న 22 ఏళ్ల ఇంటెలిజెన్స్ అనలిస్ట్ ఒకరు కాలిఫోర్నియాలో ఉన్న ఆడ్రియన్ లామో అనే మాజీ హ్యాకర్‌తో చాట్ మొదలుపెట్టారు. లోకానికి ఇప్పుడు ఆమె చెల్సీ మ్యానింగ్‌గా తెలుసు. వికీలీక్స్‌కి లక్షల పత్రాలు ఇచ్చానని, తనలో నలుగుతున్నదంతా ఆ కొద్ది రోజుల్లో ముందెప్పుడూ కలవని ఆ మనిషికి చెప్పుకున్నారు. తనొక జర్నలిస్టుని, మతబోధకుణ్ణి కూడా అని, ఇది అచ్చులోకి రాని ఇంటర్వ్యూ అనుకున్నా పాపనివేదన అనుకున్నా తనకి ఫరవాలేదని లామో భరోసా ఇచ్చాడు. ఇచ్చి, ఆ లాగులని ప్రభుత్వానికీ ‘వైర్డ్’ పత్రికకీ అందించాడు. మ్యానింగ్ అరెస్టయ్యారు.

ఆ చాట్ ఓటీఆర్ మీద నడిచింది. 2011 జూలైలో వైర్డ్ పూర్తి లాగులని అచ్చువేసినప్పుడు, సంభాషణ మొదట్లో ప్రోగ్రాం తనంతట తాను వేసిన హెచ్చరిక కూడా అందులో ఉంది: అవతలి వ్యక్తి ఎవరో ఇంకా ధ్రువీకరించలేదు, ధ్రువీకరించుకోండి అని. చూడండి, ఆ ప్రోగ్రాముకి చేతనైనంత అది చెప్పింది. కానీ అవతల ఉన్నది లామోనే అని వేలిముద్రతో తేల్చుకున్నా ఒరిగేదేముంది? అవతల ఉన్నది నిజంగానే లామో.

కాదనగలగడం సంగతేమైంది? కాగితం మీద, ఆ లాగులు లామో తయారు చేసి ఉండొచ్చు. గణితం ఆ అవకాశాన్ని జాగ్రత్తగా అట్టిపెట్టింది. కానీ 2011 డిసెంబరులో జరిగిన ప్రాథమిక విచారణలో సైన్యం తరఫు ఫోరెన్సిక్ నిపుణుడు, మ్యానింగ్ సొంత ల్యాప్‌టాప్‌లో కూడా ఆ సంభాషణల లాగులు దొరికాయని చెప్పాడు. ఇక ముద్రలతో, కీలతో ఎవరికి పని? 2013 ఫిబ్రవరిలో మ్యానింగ్ కొన్ని అభియోగాలని తానే ఒప్పుకున్నారు. ఆ ఆగస్టులో 35 ఏళ్ల శిక్ష పడింది. ఒబామా శిక్ష తగ్గించడంతో 2017 మేలో విడుదలయ్యారు.

దీని పక్కనే ఇంకో సంగతి పెట్టి చూడాలి. స్నోడెన్ బయటపెట్టిన పత్రాల్లో కొన్ని 2014 డిసెంబరులో జర్మన్ పత్రిక ‘డెర్ ష్పీగెల్’ ప్రచురించింది. ఎన్‌ఎస్‌ఏ పట్టుకున్న చాట్ సంభాషణల మధ్యలో కొన్ని చోట్ల, ఇది ఓటీఆర్ సందేశం, విప్పిన పాఠం లేదు అన్న అర్థంలో ఎన్‌ఎస్‌ఏ పెట్టిన గుర్తు ఉంది. లోకంలోకెల్లా పెద్ద చెవి ఆ తలుపు దగ్గర ఆగిపోయింది. గోడలకి చెవులుంటాయని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఆ చెవుల సంగతి బోరిసోవ్ బృందం చూసుకుంది. గది లోపల కూర్చుని రాసుకుంటున్నవాడి సంగతి ఎవరూ చూసుకోలేకపోయారు.

*

ఓటీఆర్‌కి కాలం చెల్లడానికి కారణం ఇది కాదు, స్మార్ట్‌ఫోను. ఓటీఆర్‌లో ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండాలి. ఫోను అలా కాదు, జేబులో నిద్రపోతుంటుంది. 2010లో వచ్చిన టెక్స్ట్‌సెక్యూర్ ముందు ఓటీఆర్‌నే మార్చి వాడుకుంది. తర్వాత ట్రెవర్ పెర్రిన్, మాక్సీ మార్లిన్‌స్పైక్ ఇద్దరూ కీలు మార్చుకునే ఆ పద్ధతిని, అవతలివాడు నిద్రపోతున్నా పనిచేసేలా పెంచారు. అదే సిగ్నల్ ప్రోటోకాల్. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ మొత్తం దాని మీదికి మారింది. ఇవాళ మీ అమ్మగారు పొద్దున్నే పంపే గుడ్‌మార్నింగ్ పూలగుత్తిలో ఓటీఆర్ రక్తం ఉంది. ఆవిడ ఏ కమాండూ కొట్టక్కర్లేదు. ఇర్సీలోకి కూడా ఓటీఆర్ చివరికి 2019లో, 1.2 వెర్షన్‌తో, విడిగా తెచ్చుకోనక్కర్లేకుండా వచ్చేసింది. అప్పటికి మావాళ్లెవరూ ఇర్సీలో లేరు.

మరుపు, కాదనగలగడం, రెండూ వారసత్వంగా వచ్చాయి. కానీ రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలు, అది తయారు చేసిందేమో అని అడిగేవాళ్లు అరుదు. గొడవొచ్చిన ప్రతిసారీ పాత చాట్లు బయటికి రావడం మన సాహిత్య గ్రూపుల్లో కూడా చూస్తూనే ఉన్నాం. మాటని మాటలాగా ఉంచాలని పెట్టిన ఏర్పాటంతా ప్రోటోకాల్లో భద్రంగా ఉంది. అచ్చక్షరం కనబడితే నమ్మేసే మన అలవాటు దానికన్నా పాతది, గట్టిది.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వదంతులు వాట్సాప్‌లో తిరిగి, దేశంలో చాలా చోట్ల అమాయకులు మూకల చేతుల్లో చనిపోయారు. ఆ మాట మొదట అన్నదెవరు అని ఆ కుటుంబాలు అడిగితే ఏం చెప్తాం? 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు, పెద్ద మెసేజింగ్ సంస్థలు ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినవారెవరో కోర్టు లేదా అధికారులు ఆదేశిస్తే గుర్తించగలగాలన్నాయి. వాట్సాప్ ఆ మేలోనే ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే దేశం వదిలి వెళ్లాల్సి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది చెప్పారు. నిబంధన వెనకున్న బాధ నిజమే. అయితే అందులో కోరుతున్నది, ప్రతి మాట వెనకా దాన్ని అన్నవాడి జాడ ఉండాలని. 2004లో ఆ ముగ్గురూ తీసేయాలనుకున్నది సరిగ్గా దాన్నే. వేలమందికి ఫార్వర్డ్ అయ్యే వదంతికీ, అర్ధరాత్రి ఒక స్నేహితుడికి చెప్పుకున్న మాటకీ ఒకే నియమం ఉండొచ్చా? నేనైతే ఉండకూడదనే అంటాను. మొదటిది చాటింపు. రెండోది చాటుమాట.

*

ఆ ఫైలు సంగతి మిగిలింది. చెప్పకుండా చెరిపేయొచ్చు, వాడికి ఎప్పటికీ తెలియదు. కానీ “ఆఫే” అని అబద్ధం చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు కూడా చప్పుడు చేయకుండా సర్దేస్తే అది రెండో అబద్ధం అవుతుందనిపించింది. మెసేజ్ పెట్టబోయి ఆగి, ఫోన్ చేశాను. వాడిప్పుడు వేరే దేశంలో ఉన్నాడు, ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకుంటాం.

జరిగింది చెప్పాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఏం చెప్పానురా ఆ రోజు?” అన్నాడు. రెండు ముక్కల్లో చెప్పాను.

“నేనలా అన్నానా? అనుండను మామా. నువ్వే టైప్ చేసుకునుంటావ్.”

నవ్వుతున్నాడు, కానీ గొంతు కొంచెం మారింది. వాడికి నిజంగా గుర్తులేదో, గుర్తులేనట్టు ఉన్నాడో నాకు తెలియలేదు. తెలుసుకునే హక్కు నాకు లేదని కూడా అనిపించింది. “అయ్యుండొచ్చురా,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఫైలు చెరిపేసి, డిస్క్‌ని ఫార్మాట్ చేశాను. పైన రాసిన మా సంగతులు వేటికీ ఇప్పుడు నా దగ్గర రుజువు లేదు.